అప్పు కంటే ముందు సంత లెక్క



ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవానికి మనం థింసా ఆడతాం. సంత కూడా మన సంస్కృతే. పాడేరు, అరకు కొండల సంతలకు అడ్డాకులు, చింతపండు, పసుపు, కొండచీపుర్లు కావిళ్ల మీద, జీపుల మీద దిగుతాయి. సాయంత్రం నూనె, ఉప్పు, సబ్బులు, బట్టలు పైకెక్కుతాయి. ఈ రాకపోకల్లో లాభం ఎవరి దగ్గర ఆగుతోందో మనం లెక్క వేయలేదు.

ఉపాధి అనగానే మన పిల్లలు అప్పు తెచ్చి కిరాణా కొట్టు పెడుతున్నారు. ఒకే ఊళ్లో మూడు కొట్లు తెరిచి, మూడూ మూసేయడం చూశాం. కొట్లు పోయినా అప్పు మిగిలింది. తప్పు పిల్లలది కాదు. ముందు సంత చూడమని మనమే చెప్పలేదు.

అందుకే ఒక మాట. అప్పు అడిగేముందు నాలుగు వారాలు నోటుపుస్తకంతో సంతలో కూర్చోండి. ఏ సరుకు ఎన్ని బస్తాలు వచ్చింది? పొద్దున ధరెంత, పొద్దువాలాక ఎంత? గిరిజన సహకార సంస్థ డిపోలో ఎంత? గింజ తీసిన చింతపండుకు, తీయనిదానికి తేడా ఎంత? ఉడకబెట్టి, ఎండబెట్టి, మెరుగుపెట్టిన పసుపుకి ఎంత ఎక్కువ? ఏ పనికి జనం పట్నం దాకా పోతున్నారు? బైకు బాగుచేసేవారు దగ్గర్లో ఉన్నారా? మీ కూలి, బండి కిరాయి కూడా ఖర్చులో రాయండి.

2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. పేరు మన కొండలది. ఆ పేరుతో వచ్చే డబ్బులో మన పిల్లల వాటా పెరగాలంటే లెక్క మన చేతిలో ఉండాలి.

మీ పుస్తకాలు సంఘానికి తీసుకురండి. కలిసి కూర్చుని చూద్దాం.

జై ఆదివాసీ!