నాలుగు గళ్ల వాలీబాల్

రెండు గుంజలు, నడుమ ఒక వల, అటు ఆరుగురు, ఇటు ఆరుగురు. వాలీబాల్ అనగానే శ్రోతలకు తోచు రూపమిదియే. 1895లో అమెరికాలో విలియం మోర్గన్ కల్పించిన ఈ ఆటలో ప్రత్యర్థి ఎల్లప్పుడు ఎదుటనే యుండును.

చిత్తూరు ప్రాంతమున మా పల్లెలో ఆ గుంజలు చాలకాలముగా ఊరక నిలిచియున్నవి. పిల్లలు చదువులకు తిరుపతికి, కొలువులకు బెంగుళూరికి పోగా, సాయంకాలమున పన్నెండుగురు కూడుట గగనమైనది. నలుగురైనచో దొరకుదురు. అందుచేతనే మేము నాలుగు గళ్ల ఆటను నేర్చుకొన బూనితిమి.

వలలను కూడిక గుర్తువలె కట్టి, గడికొక్కరు నిలువవలెను. తప్పినవాడు మొదటి గడికి దిగును. అతని క్రిందివారు ఒక్కొక్క గడి పైకి పోవుదురు. నాలుగవ గడివాడు ఎదురుమూలకు బంతి వేయును. పాయింట్లు వచ్చునదియు అతనికే.

వలల బిగువు సమముగా లేనిచో నడిగుంజ ఒరిగిపోవును. అది సరిచేయుటకే రెండు సాయంకాలములు పట్టినవి! పిదప పాత అలవాటు మమ్ము వేధించెను. మేము ఎదురు చూచుచుండగా బంతి ప్రక్కగడినుండి వచ్చి భుజము వెనుక పడుచుండెను. స్మాష్ కొట్టు బలశాలులును తడబడిరి. గడి చిన్నది, గట్టిగా కొట్టిన బంతి వెలుపలికే పోవును. మెల్లగా మూలకు జారవిడుచువాడే నెగ్గును. ప్రక్కవారిరువురు కనుసన్నలతో ఒడంబడి పైగడివానిని దించుటయు కలదు. అది మాకు రుచింపలేదు గాని, కనుసైగను నిషేధించుట యెట్లు?

ఇప్పుడు నలుగురు ఆడుచుండగా ఐదవవాడు గట్టుమీద కాచియుండును. ఓడినవాడు వెలుపలికి రాగానే, వాడు మొదటి గడిలో చేరును.