నీటి రుసుమును నిర్ణయింప నెవరికి హక్కు?

(విశాఖపట్టణమున పన్ను చెల్లించు పౌరుల సభలో గావింపబడిన యుపన్యాసము)



ఈ నగరమున క్రొత్త నీటిగొట్టములు వేయవలయునా యను ప్రశ్నకొరకు మనమీ సాయంకాలమున నిచట సమావేశము కాలేదు. వేయవలసినదే. ప్రాతగొట్టముల బీటలనుండి నీరు వృథాగా భూమిలో నింకిపోవుట యొక నష్టము. అంతకంటె ఘోరమైనది వేరొకటి కలదు. దినమునకు కొలదిసేపు మాత్రమే నీరు విడిచి, తక్కిన కాలమంతయు గొట్టమును ఖాళీగా నుంచినచో, లోపలి యొత్తిడి తగ్గి, ప్రక్కనున్న మురుగు ఆ బీటలగుండనే లోనికి చొచ్చుకొనివచ్చును. మరల నీరు విడిచినపుడు మొదటి బిందెలో నా మురుగే పడును. మన యిండ్లలో స్త్రీలు మొదటి బిందెను పారబోయుట వట్టి యాచారము గాదు, అనుభవము నేర్పిన శాస్త్రము. గొట్టమున నెల్లప్పుడును నీరు నిండియుండుట యొక్కటియే దీనికి మందు. కావున 24 గంటల సరఫరాను ధనికుల విలాసమని పరిహసించుట తగదు.

వివాదమంతయు, ఆ వ్యయము నెవరు భరింపవలయును, ఎవరు నిర్ణయింపవలయును అను రెండు మాటలలో నున్నది.

మొదట నీటి సంగతి. మనము త్రాగు నీరు మన నగరమున పుట్టినది కాదు. తాటిపూడి జలాశయము గోస్తనీనదిది, రైవాడ శారదానదిది. ఏలేరు కాలువ సుమారు 150 కిలోమీటర్లు ప్రవహించి వచ్చుచున్నది. అదియు ప్రధానముగా ఉక్కు కర్మాగారము కొరకు త్రవ్వబడినదే. రైవాడ నీరు తమ పొలములకు రావలసినదని శారదాతీరపు రైతులు చిరకాలముగా మొఱపెట్టుకొనుచున్నారు. మన గొట్టములలో కారిపోవు ప్రతి బిందెయు వారి పొలముల నుండి వచ్చిన బిందెయే. ఈ మాటను నగరవాసుల సభలలో చెప్పువారు తక్కువ.

నీటికి వెలయే యుండరాదను మిత్రులతో నేనేకీభవింపజాలను. వాననీటికి వెల లేదు, నిజమే. ఆ నీటిని తోడు పంపులకు విద్యుత్తు, శుద్ధిచేయుటకు పటికయు క్లోరినును, కాపాడు కార్మికులకు జీతములు కావలయును. కుళాయినీ రుచితమైనచో లాభమెవరికి? కుళాయి గలవానికి. కుళాయి లేని పేదవాడు డబ్బానీరు కొనుచు, ట్యాంకరు కొరకు వీధిలో నిలిచి, మనయందరికంటె నెక్కువ వెల నిచ్చుచున్నాడు. అధికారుల వాదమున గూడ సత్యమున్నది. రుసుము చాలనిచో మరమ్మతు నిలుచును. మరమ్మతు నిలిచిన నీరు చెడును. నీరు చెడిన జనులు రుసుము నీయ నిరాకరింతురు.

ఇంతవరకు వారితో నేనేకీభవింతును. ఇక మీదట గాదు.

2005లో కేంద్రప్రభుత్వము నగరముల పునరుద్ధరణ పథకము నారంభించినపుడు, మన నగరము వంటి వానికి వ్యయములో నూటికి 50 పాళ్లు కేంద్రము, 20 పాళ్లు రాష్ట్రము నిచ్చునట్లును, శేషించినది నగరమే సమకూర్చుకొనునట్లును ఏర్పాటు చేసెను. నిర్వహణవ్యయమును జనుల రుసుముతోనే పూర్తిగా రాబట్టవలయునను నిబంధన నపుడే పెట్టెను. 2016లో ఆసియా అభివృద్ధి బ్యాంకు విశాఖ–చెన్నై పారిశ్రామిక కారిడారునకు ఋణ మంగీకరించినపుడు మన నగరపు నీటిసరఫరా సంస్కరణమును అందు చేరెను. 2020లో మహమ్మారివలన రాష్ట్రముల ఖజానాలు వట్టిపోయిన తరుణమున, అదనముగా అప్పు చేసికొనవలెనన్న కొన్ని సంస్కరణలు చేయవలయునని కేంద్రము విధించెను. ఇంటిపన్నును ఆస్తివిలువలకు తగినట్లు నిర్ణయించుటయు, నీటికి, మురుగుకాలువలకు వ్యయానుగుణముగా కనీస రుసుములను ప్రకటించుటయు వానిలో నొకటి. దీనికి ప్రతిఫలము రాష్ట్ర స్థూలోత్పత్తిలో నూటికి 0.25 వంతు అప్పు చేయు ననుజ్ఞ. ఈ షరతును మొట్టమొదట నెరవేర్చిన రాష్ట్రములు రెండు; మధ్యప్రదేశ్, ఆంధ్రప్రదేశ్. మనకు 2021 జనవరిలో లభించిన యనుజ్ఞ 2,525 కోట్ల రూపాయలకు. దానము గాదు సుమా, అప్పు!

ఆ 2020 సంవత్సరాంతముననే రాష్ట్రమున పురపాలక చట్టమును సవరించిరి. ఇంటిపన్ను అద్దెవిలువనుండి మూలధనవిలువకు మారెను. ఏటికి నూటికి 15 కు మించి పెంపుదల యుండరాదని పరిమితి పెట్టిరి. నీటి రుసుములకును ఉత్తరువులు వెలువడెను. అప్పుడీ నగరమున ప్రజలెన్నుకొన్న సభ యున్నదా? లేదు! 2012లో పాలకవర్గపు గడువు తీరినది మొదలు 2021 మార్చి ఎన్నికల వరకు తొమ్మిదేండ్లు విశాఖపట్టణ మధికారుల పాలనలో నుండెను. గడువు తీరకమునుపే ఎన్నికలు ముగియవలయునని రాజ్యాంగపు 243-యు అధికరణము శాసించుచున్నది. పురపాలకసంఘము లేయే పన్నులు విధింపవచ్చునో నిర్ణయించు నధికారము శాసనసభకు రాజ్యాంగమే యిచ్చెనని న్యాయవాదులు చెప్పుదురు, అది నేనెరుగుదును. కాని తొమ్మిదేండ్లు ఎన్నికలు జరుపక, ఆ శూన్యమున రుసుములు నిర్ణయించుట యే రాజ్యాంగము? రిప్పను ప్రభువు స్థానిక స్వపరిపాలన తీర్మానము వెలువరించినది 1882లో. ఇంతకాలము గడచినను మనకు దక్కినది యిదియా?

2021లో ఈ పెంపుదలకు ప్రతిగా ఆందోళనలు చెలరేగినపుడు కొందరికి చీరాల–పేరాల జ్ఞప్తికి వచ్చెను. సరియైన స్మరణమే. ఆ రెండు గ్రామములును యూనియనుగా నున్ననాడు పన్ను ఏటికి సుమారు 4,000 రూపాయలు; మునిసిపాలిటీ వచ్చినపిమ్మట సుమారు 40,000. నేతగాండ్రును పేదలును దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున 1921లో ఇండ్లు విడిచి, రామనగరమున పాకలు వేసికొని, పదునొకండు మాసములు ఎండకు వానకు నోర్చిరి. పన్ను మాట వినగానే కోపగించిన జనము అట్టి తపస్సు చేయజాలదు. తమ్మడుగక, తమ శక్తి నెంచక, తమపై నొక వ్యవస్థను రుద్దుట వారు సహింపలేదు. ఆ పేరు చెప్పి మేడలవారు తమ పన్ను నెగవేయ జూచుట ఆ పాకలలో నున్నవారికి అపచారము.

మీటరనగానే మనవారు పామును చూచినట్లు వెనుకకు గంతు వేయుదురు. మీటరు లేనినాడు, ఒక్క కుళాయి గల గుడిసెయు, తోటకు నీరు పెట్టు మేడయు నొకే లెక్కలో పడును. ఒక కుటుంబమునకు త్రాగుటకు, వంటకు, స్నానమునకు వలసినంత నీటికి స్వల్పమైన రుసుమును, అంతకు మించినకొలది మెట్టుమెట్టుగా హెచ్చు రుసుమును, హోటళ్లకు కర్మాగారములకు పూర్తివెలయు నుండవలయునన్న మీటరు తప్పదు. గొట్టములు వేయు మూలవ్యయమును మాత్రము ప్రభుత్వములే భరింపవలయును. ఈ నగరమును రేవుకొరకు, ఉక్కుకొరకు, పరిశ్రమలకొరకు పెంచినవారు వారు. లాభము దేశమునకంతకును చెందుచుండగా గొట్టముల యప్పు నొక్క నగరపు గృహస్థులపై మోపుట న్యాయము గాదు.

ఈ తీర్మానమును సభవారి సమక్షమున నుంచుచున్నాను. నగరపు నీటి జమాఖర్చులను వేరు ఖాతాగా వ్రాసి, ఎంత నీరు పంపబడెనో, ఎంత కుళాయిలకు చేరెనో, ఎంతకు రుసుము వచ్చెనో, ఈ మూడంకెలను ప్రతి త్రైమాసికమునకును తెలుగులో వార్డువార్డునను ప్రకటింపవలయును. ఎన్నికైన సభ బహిరంగముగా చర్చించి యంగీకరింపనిదే ఏ రుసుమును పెంపరాదు. కుళాయి లేని యిండ్లకు కుళాయి నిచ్చిన పిమ్మటనే పెంపుదల యమలులోనికి రావలయును. దీనిని బలపరచువారు లేచి మాటాడవలయునని ప్రార్థించుచున్నాను.