క్రిములకూ కోరం ఉంది!



మన మహిళామండలి సమావేశానికి నలుగురే వస్తే ఏం చేస్తాం? కోరం లేదని తీర్మానాలు వాయిదా వేస్తాం. కంటికి కనపడని బాక్టీరియా కూడా ఇదే పద్ధతి పాటిస్తుందంటే నవ్వుతారేమో. శాస్త్రజ్ఞులు దీనికి పెట్టిన పేరులోనూ కోరం అన్న మాటే ఉంది!

సముద్రంలో వెలుగునిచ్చే బాక్టీరియా ఉంది. ఒంటరిగా ఉంటే వెలగదు. గుంపు చిక్కబడ్డాక అన్నీ ఒక్కసారి వెలుగుతాయి. 1970లో అమెరికాలో నీల్సన్, ప్లాట్, హేస్టింగ్స్ అనే శాస్త్రజ్ఞులు ఈ గుట్టు బయటపెట్టారు. ప్రతి కణమూ ఒక రసాయనాన్ని వదులుతూ ఉంటుంది. అది ఒక మోతాదు దాటిందా, “మనవాళ్లు చాలినంతమంది చేరారు” అని అన్నిటికీ తెలిసిపోతుందన్నమాట.

వెలుగైతే ముచ్చటే. కాని స్టవ్వు అంటుకుని కాలిన గాయాల్లో చేరే సూడోమోనాస్ క్రిమిదీ ఇదే తంత్రం. కొద్దిమంది ఉన్నప్పుడే విషం కక్కితే మన తెల్ల రక్తకణాలు పసిగట్టి పని పడతాయి. అందుకని బలగం చేరేదాకా నోరు మూసుకుని కూచుంటుంది. ఆ తరువాత అన్నీ కలిసి విషాలు వదులుతాయి, చుట్టూ జిగటపొర అల్లుకుంటాయి. ఆ పొరలో ఉన్నవాటిని చంపడం మందులకు సైతం కష్టమే.

మరి చంపకుండా, వాటి మాట వాటికే వినపడకుండా చేస్తే? ఈ ఉపాయం మనకంటే ముందు ఒక నాచుకు తెలుసు! ఆస్ట్రేలియా తీరంలో పెరిగే డెలిసియా పుల్‌క్రా అనే ఎర్ర నాచు మీద బాక్టీరియా అంతగా పేరుకోదు. అది తయారుచేసే ఫ్యూరనోన్లు అనే పదార్థాలు బాక్టీరియా సందేశాన్ని పోలి ఉండి, సందేశానికే అడ్డుపడతాయని 1990లలో తేలింది. తాళంకప్పలో వేరే చెవి ఇరికించినట్టు!

ఇందులో లాభమేమిటంటారా? యాంటీబయాటిక్ క్రిములను చంపుతుంది. తట్టుకున్న ఏ కొన్నో మిగిలి, వాటి సంతానమే పెరుగుతుంది. మందు పనిచెయ్యకుండా పోతుంది. పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్ 1945లోనే ఈ సంగతి హెచ్చరించాడు. జలుబుకు కూడా యాంటీబయాటిక్ రాయమని డాక్టరును సతాయించే తల్లులు ఈ ముక్క గుర్తుంచుకోవాలి సుమా. మాట వినపడని క్రిమి చావదు కనుక, మొండికెత్తిన వాటికి దొరికే లాభం తక్కువ. నిరాయుధమైన దాన్ని మన ఒంట్లోని రోగనిరోధక శక్తి చూసుకుంటుంది. అలాగని అసలు ఎదురు తిరగవనుకోకండి. ప్రయోగశాలల్లో తిరిగినవీ ఉన్నాయి.

కలరా క్రిమి వ్యవహారం మరీ తిరకాసు. అది తక్కువమంది ఉన్నప్పుడే విషం చేస్తుంది, గుంపు పెరిగాక మానేస్తుంది. దాని నోరు నొక్కితే మనకే చేటు! అక్కడ కోరం నిండిందని ముందే నమ్మించాలి.

నాచులోని పదార్థాలు మనుషులకు ఇవ్వలేనంత ఘాటైనవి. అంత విషం లేనివాటి కోసం వెతుకుతూనే ఉన్నారు. మన డాక్టరుగారి చీటీలోకి మాత్రం ఈ జాతి మందు ఇంకా రాలేదు.