పురపాలక సంఘం వాకిట్లో కనిపించని మెట్లు

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



ఇంటి పన్ను కట్టడానికి ఒకప్పుడు మనం ఎంత అవస్థ పడేవాళ్ళమో గుర్తుందా? వంట ముగించుకుని, పాత రసీదు చేతిసంచీలో పెట్టుకుని, పురపాలక సంఘం కార్యాలయానికి వెళ్ళి వరసలో నిలబడేవాళ్ళం. కిటికీ అవతల గుమాస్తా భోజనానికి లేచిపోతే మళ్ళీ మూడింటిదాకా పడిగాపులే. ఇప్పుడా బాధ చాలావరకు తప్పింది. పన్ను కట్టాలన్నా, మనవడి జనన ధ్రువపత్రం కావాలన్నా, కుళాయికి దరఖాస్తు పెట్టాలన్నా, చెత్తబండి రావడం లేదని ఫిర్యాదు చెయ్యాలన్నా పురపాలక సంఘం వారి వెబ్‌సైటు తెరిస్తే సరిపోతోంది. ఆ కిటికీయే మన ఇంటికి నడిచి వచ్చిందన్న మాట.

అయితే అందరి ఇంటికీ వచ్చిందా? ఇవాళ మీతో మాట్లాడదలచుకున్నది దాన్ని గురించే.

మా చిన్నాడపడుచు సంగతి చెబుతాను. బాలికల పాఠశాలలో ముప్ఫయ్యేళ్ళు తెలుగు చెప్పి పదవీ విరమణ చేసింది. నీటికాసుల జబ్బు వల్ల నాలుగైదేళ్ళలో చూపు పూర్తిగా పోయింది. మనిషి మాత్రం కుంగిపోలేదు. ఆరు నెలలు పట్టుదలగా కూర్చుని స్క్రీన్ రీడర్‌తో కంప్యూటరు వాడటం నేర్చుకుంది. స్క్రీన్ రీడర్ అంటే తెరమీద వున్న దాన్ని పైకి చదివి వినిపించే సాధనం. 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అనే యువకుడు, తానే చూపులేనివాడు, ఎన్.వి.డి.ఎ. అనే స్క్రీన్ రీడర్‌ను మొదలుపెట్టాడు. అలాంటి సాధనాలకి వేలకి వేలు పోయవలసిన రోజుల్లో దాన్ని అందరికీ ఉచితంగా ఇచ్చేశాడు. ఈవేళ అది తెలుగు కూడా చదువుతుంది. మా ఆడపడుచు దానితోనే వార్తలు వింటుంది, ఉత్తరాలు రాస్తుంది, పాత విద్యార్థినులతో కబుర్లాడుతుంది.

మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఏడాది ఇంటి పన్నంతా ఏప్రిల్‌లోనే ఒకేసారి కట్టేవారికి అయిదు శాతం తగ్గింపు ఇస్తూ వచ్చారు కదా. ఒక ఏడాది ఏప్రిల్ ఆఖరి వారంలో, తన ఇంటి పన్ను తానే కట్టుకుందామని ఆవిడ కూర్చుంది. పేజీ తెరుచుకుంది. ఒక గడి దగ్గరికి వెళితే స్క్రీన్ రీడర్ "ఎడిట్" అంది. పక్క గడి దగ్గరికి వెళితే మళ్ళీ "ఎడిట్". అందులో ఇంటి నంబరు వెయ్యాలో, అసెస్‌మెంటు నంబరు వెయ్యాలో, యజమాని పేరు రాయాలో చెప్పే దిక్కు లేదు.

మీకు అర్థమయ్యేలా చెప్పాలంటే, చుట్టపుచూపుగా వెళ్ళిన ఇంట్లో వంట చెయ్యవలసి వచ్చిందనుకోండి. అలమారులో ఒకే రంగు, ఒకే సైజు డబ్బాలు ఇరవై వున్నాయి. ఒక్కదానిమీదా పేరు లేదు, మూతలు తీసి చూడటానికీ వీల్లేదు. ఏది ఉప్పు, ఏది పంచదార? వెబ్‌సైటులో ప్రతి గడికీ వెనకాల ఒక పేరు తగిలించవచ్చు. చూసేవాళ్ళకి పక్కన అక్షరాలు కనిపిస్తాయి గనక ఆ పేరుతో అవసరం పడదు. వినేవాళ్ళకి మాత్రం అదే ఆధారం. ఆ పేరు తగిలించడానికి పట్టేది ఒక్క వరస రాత. దానికి ఓపిక లేకపోయింది.

ఆవిడ తడుముకుంటూ, తప్పులు దిద్దుకుంటూ చివరికి వెళ్ళింది. అక్కడ ఒక బొమ్మ. వంకరటింకరగా అక్షరాలు రాసి, "మీరు మనిషే అని రుజువు చేసుకోవడానికి వీటిని టైపు చెయ్యండి" అంటారు చూడండి, అదీ. కంప్యూటర్లని మోసగించకుండా వుండటానికి పెట్టిన ఏర్పాటు అది. బొమ్మలోని అక్షరాలని స్క్రీన్ రీడర్ చదవలేదు, చదవకూడదనే కదా దాన్ని పెట్టింది! పోనీ చెవికి వినిపించే మార్గం పక్కన ఒకటి పెట్టవచ్చు, పెట్టలేదు. ఇంతలో గడువు మించిందని పేజీ మూసుకుపోయింది.

మూడు రోజులు ప్రయత్నించి, ఇరవై తొమ్మిదో తారీకున వీధి చివర నెట్ సెంటరు కుర్రాణ్ణి పిలిపించింది. బ్యాంకు వివరాలన్నీ అతనికి చెప్పింది. ఫోనుకి వచ్చిన ఓ.టి.పి. కూడా చెప్పింది. ఎవ్వరికీ చెప్పకండి అని బ్యాంకులవారు రోజూ మొత్తుకునే ఆ అంకెలనే, చెప్పక తప్పక చెప్పింది. కుర్రాడు మంచివాడు గనక పన్ను కట్టి రసీదు ఇచ్చి వెళ్ళాడు. ఆ సాయంత్రం నాకు ఫోను చేసి, "డబ్బు పోతుందన్న భయం కాదు వదినా, చూపున్నన్నాళ్ళూ నా ఇంటి పన్ను నేనే కట్టుకున్నాను, ఇంత నేర్చుకుని కూడా ఈవేళ కట్టుకోలేకపోయాను" అంది. నాకు ఏం చెప్పాలో తోచలేదు.

ఇది ఒక్క చూపులేనివారి ఇబ్బందే అనుకునేరు. పక్షవాతం వచ్చి చెయ్యి వణికే పెద్దవారు చిన్న చిన్న బొత్తాలమీద మౌసు నిలపలేరు. కీబోర్డుతోనే పని జరిగేట్టుంటే వారికి ఎంతో సులువు. చెవి వినిపించనివారికి కమిషనరుగారు మాట్లాడిన వీడియో ఒకటి పెట్టి, కింద అక్షరాలు వెయ్యకపోతే వారికి ఏం తెలుస్తుంది? లేత బూడిదరంగు అక్షరాలని తెల్లటి పేజీమీద వేస్తారు, అందానికి కాబోలు! అక్షరం వెలుగుకీ వెనక రంగు వెలుగుకీ మధ్య తేడా కనీసం 4.5కి 1 వుండాలని అంతర్జాతీయ నియమం. అరవై దాటి, శుక్లాలు మొదలైన మనలాంటి వాళ్ళకి ఆ నియమం ఎంత అక్కరో వేరే చెప్పాలా?

ఇక మన తెలుగుకి పట్టిన ప్రత్యేకమైన తిప్పలు ఒకటుంది. ప్రపంచ భాషల లిపులన్నిటికీ ఉమ్మడి పద్ధతి అయిన యూనికోడ్‌లో తెలుగు 1991లోనే చేరింది. ఆ పద్ధతిలో టైపు చేస్తే ఏ సాధనమైనా చదువుతుంది. కాని పాతకాలపు ఫాంట్లతో టైపు చేసే అలవాటు కొన్ని కార్యాలయాల్లో ఇంకా పోలేదు. ఆ ఫాంట్లలో కంటికి కనిపించేది తెలుగే గాని, కంప్యూటరు లెక్కలో అవి తెలుగు వేషం కట్టిన ఇంగ్లీషు అక్షరాలు. స్క్రీన్ రీడర్ వాటిని చదివితే అర్థంపర్థం లేని కూతలు వినిపిస్తాయి. అదీ కాకపోతే కాగితంమీద ముద్రించి, సంతకం పెట్టి, ముద్ర వేసి, దాన్ని ఫొటో తీసి పెడతారు. మంచినీళ్ళు ఎప్పుడు ఆపుతారో, వార్డు సభ ఎప్పుడో అన్నీ ఆ ఫొటోల్లోనే. బొమ్మ దగ్గరికి రాగానే స్క్రీన్ రీడర్ మూగబోతుంది. ముప్ఫయ్యేళ్ళు తెలుగు చెప్పిన మనిషికి తన ఊరి తెలుగు ప్రకటన అందకపోవడం విడ్డూరం కాదూ?

కొన్ని ప్రభుత్వ వెబ్‌సైట్లలో పైన మూలన అక్షరాలు పెంచడానికీ తగ్గించడానికీ మూడు "ఎ"లు కనిపిస్తాయి. పక్కన స్క్రీన్ రీడర్ల పేర్ల పట్టిక వున్న పేజీ ఒకటి. మంచిదే. కాని గడులకి పేర్లు పెట్టకుండా ఆ పట్టిక ఒక్కటీ పెట్టి చేతులు దులుపుకోవడం, గుడి ముందు ఎత్తు మెట్లు అలాగే వుంచి చేతికర్రలు అమ్మే దుకాణం అడ్రసు గోడమీద రాయడం లాంటిది.

చట్టం లేదా అంటే వుంది. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. 1995 నాటి చట్టం ఏడు రకాల వైకల్యాలను గుర్తిస్తే ఇది ఇరవై ఒకటి గుర్తించింది. భవనాలతోబాటు సమాచార సాధనాలూ అందరికీ అందుబాటులో వుండాలని చెప్పింది. ప్రభుత్వ వెబ్‌సైట్లు ఎట్లా వుండాలో కేంద్రం 2009లోనే మార్గదర్శకాలు ప్రకటించి 2018లోనూ 2023లోనూ సవరించింది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మనం ముఖ్యంగా తెలుసుకోవలసింది. యాసిడ్ దాడిలో కళ్ళు దెబ్బతిన్నవారిని, ఖాతా తెరవాలంటే కెమెరా ముందు రెప్పలు ఆర్పి చూపించమన్నారట! అలాంటివారు, చూపులేనివారు కోర్టుకి వెళితే, కంప్యూటరు ద్వారా సేవలు పొందగలగడం రాజ్యాంగం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమేనని న్యాయస్థానం చెప్పింది.

ఈ తగాదా మన దేశానిదే కాదు. సిడ్నీ ఒలింపిక్స్ వెబ్‌సైటు తనకు అందుబాటులో లేదని బ్రూస్ మాగ్వైర్ అనే అంధుడు ఆస్ట్రేలియాలో ఫిర్యాదు చేశాడు. దాన్ని సరిచెయ్యడం పెద్ద ఖర్చని, ఎంతో కాలం పడుతుందని నిర్వాహకులు వాదించారు. 2000 సంవత్సరంలో అక్కడి మానవ హక్కుల కమిషన్ ఆ వాదన ఒప్పుకోక అతని పక్షానే తీర్పిచ్చింది. పాతికేళ్ళ తరవాత మన ఊళ్ళో నాకు ఇంచుమించు అదే జవాబు వినిపించింది. చెబుతాను.

ఆడపడుచు బాధ చూసి వూరుకోలేక పురపాలక సంఘానికి ఉత్తరం రాశాను. తరవాత స్వయంగా వెళ్ళాను. అక్కడి అధికారి మర్యాదస్తుడే, కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాడు. "అంధులెవరూ మా సైటు చూడరమ్మా, ఇప్పటిదాకా ఒక్క ఫిర్యాదూ రాలేదు, మార్చాలంటే టెండరు పిలవాలి" అన్నాడు. "నాయనా, మేడమీద కచేరీ పెట్టి, కుంటివాళ్ళెవరూ రావడం లేదంటే ఎట్లా? రాలేకపోవడమే కదా ఫిర్యాదు" అన్నాను. పైగా ఆ ఫిర్యాదు చెయ్యవలసిన పేజీలోనూ అదే వంకర అక్షరాల బొమ్మ! అది చూపించేసరికి ఆయనకే నవ్వొచ్చింది.

వెళ్ళేముందు నేను చేసిన పని ఒకటి మీరూ చెయ్యవచ్చు. మీ ఊరి వెబ్‌సైటు తెరిచి, మౌసు పక్కన పెట్టి, కీబోర్డుమీద ట్యాబ్ అనే మీట ఒక్కటే నొక్కుతూ పొండి. ఎక్కడున్నారో తెరమీద తెలుస్తోందా? పన్ను కట్టే చోటుకి చేరగలిగారా? రెండోది, ఆండ్రాయిడ్ ఫోనులో టాక్‌బ్యాక్ అనే స్క్రీన్ రీడర్ ముందే వుంటుంది. సెట్టింగుల్లోకి వెళ్ళి దాన్ని వేసి, కళ్ళు మూసుకుని వినండి. కాకపోతే ఆపడం ఎట్లాగో ముందే తెలుసుకుని మరీ వెయ్యండి. అది వున్నంతసేపూ ఒకసారి తాకితే పేరు చెబుతుంది, రెండుసార్లు తడితేనే పని చేస్తుంది. ఆ కిటుకు తెలియక నేను మావారి ఫోను గంటసేపు ఎందుకూ కొరగాకుండా చేసి, ఆయన చేత నాలుగు మాటలు తిన్నాను.

తరవాత మీకు తోచిన లోపాలు ఒక కాగితంమీద రాయండి. "బాగా లేదు" అని కాకుండా "ఫలానా పేజీలో మూడో గడికి పేరు లేదు, ఫలానా ప్రకటన ఫొటోగా వుంది" అని విడివిడిగా రాయాలి. కమిషనరుకి ఒక ప్రతి, మీ వార్డు కౌన్సిలరుకి ఒకటి. జవాబు రాకపోతే వికలాంగుల హక్కులు చూడటానికి ప్రతి రాష్ట్రానికీ కమిషనరు వుండాలని అదే 2016 చట్టం చెప్పింది, ఆ కార్యాలయానికి పంపండి. 2011 జనాభా లెక్కల్లో వైకల్యం వున్నవారు 2 కోట్ల 68 లక్షలు, అందులో స్త్రీలే కోటీ 18 లక్షలని తేలింది. మన వాడకట్టులోనే ఎవరో ఒకరుంటారు. ఉత్తరం రాసేముందు వారిని అడగండి. వారికి నిజంగా అడ్డొచ్చేది ఏదో మన ఊహకి అందదు. వంకర అక్షరాల బొమ్మే పెద్ద ఇబ్బంది అని నేననుకున్నాను. మా ఆడపడుచు మాత్రం, "దానికేం, ఎవరినైనా ఆ నాలుగక్షరాలు చదివిపెట్టమంటాను. ఓ.టి.పి. వేసేలోపు పేజీ మూసుకుపోకుండా చూడమను ముందు" అంది.

రెండు నెలల తరవాత గడులకి పేర్లు వచ్చాయి. టెండరేమీ పిలవలేదు, వున్న కుర్రాడే ఒక పూట కూర్చుని చేశాడట. గడువు కూడా పెంచారు. బొమ్మ పక్కన చెవికి వినిపించే మార్గం పెట్టారు గాని అది ఇంగ్లీషులోనే మాట్లాడుతోంది. మొన్న మా ఆడపడుచు నీటిపన్ను తానే కట్టుకుంది. కట్టి నాకు ఫోను చేసి మొదట చెప్పింది రసీదు నంబరు కాదు, "రసీదు ఇంకా ఫొటోగానే వస్తోంది వదినా, నేను కట్టింది ఎంతో నాకే వినిపించడం లేదు" అని. దానికి రెండో ఉత్తరం వెళ్ళింది. ఈసారి రాసింది నేను కాదు, తనే.

సెలవు.