సముద్రం దాటిన చైనీయుల సంఘాలు

సంఘం అంటే ఏడాదికోసారి జెండా, డప్పు, భోజనాలు అనుకునేవాళ్లు మనలోనూ ఉన్నారు. అందుకే ఈ సంగతి ఎత్తుకున్నాం.

19వ శతాబ్దంలో దక్షిణ చైనా నుంచి సింగపూర్, మలయా, అమెరికాలకు కూలికి పోయినవాళ్లు ఊరిని బట్టి, ఇంటిపేరును బట్టి, యాసను బట్టి సంఘాలు కట్టుకున్నారు. ఓడ దిగినవాడికి తల దాచుకునే చోటు, పని, జబ్బు చేస్తే మందు, పోతే శ్మశానం అన్నీ సంఘమే చూసేది. అమెరికాలో పోయినవాళ్ల ఎముకలను సొంతూరికి పంపేవారు. మన పెద్దలకు ఈ మాట విడమరచి చెప్పక్కర్లేదు.

1882లో అమెరికా చైనా కూలీల రాకను నిషేధించింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో ‘సిక్స్ కంపెనీస్’ అనే సంఘాల సమాఖ్య లాయర్లను పెట్టి కోర్టుల్లో పోరాడింది. అంతా మంచే అనలేం. పెత్తనం వ్యాపారులదే. బాకీ లేదని సంఘం చీటీ ఇస్తేనే ఇంటికెళ్లే ఓడ టికెట్టు!

మాకు నచ్చింది నాన్యాంగ్ విశ్వవిద్యాలయం కథ. 1953లో సింగపూర్ హొక్కియన్ సంఘం అధ్యక్షుడు టాన్ లార్క్ సై, చైనీస్ భాషలోనే చదువు చెప్పే యూనివర్సిటీ కావాలన్నారు. తానే 50 లక్షల డాలర్లు ఇస్తానన్నారు. సంఘం 523 ఎకరాలు ఇచ్చింది. రిక్షా తొక్కేవాళ్లు ఒకరోజు సంపాదన తెచ్చి ఇచ్చారు. 1956లో తరగతులు మొదలయ్యాయి. 1980లో దాన్ని మరో విశ్వవిద్యాలయంలో కలిపేశారు, అది వేరే బాధ.

మా హాస్టళ్లకు వచ్చే చిన్నపిల్లలు రెండేళ్లలో ఇంటి మాట మరిచిపోతున్నారు. ఆదివారం ఒక గంట వచ్చి వాళ్లతో మన భాషలో కబుర్లు చెప్పేవాళ్లు ఎందరున్నారు? పేర్లు రాసుకోవడానికి పుస్తకం తెచ్చాం.