మనమంతా కలిసి చదవడానికి 'కొండపొలం'
(సంఘం కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈసారి ఊరూరా కలిసి చదువుకోవడానికి ఒక నవలను ఎంచుకోవాలనుకున్నాం. నేను సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి 'కొండపొలం' పేరు చెబుతున్నాను. ఆయనది కడప జిల్లా కలసపాడు మండలంలోని బాలరాజుపల్లె. బడిపంతులుగా పనిచేస్తూ రాశారు. 'కాడి', 'తోలుబొమ్మలాట' మీలో కొందరు చదివే ఉంటారు. 'కొండపొలం' 2019లో తానా నవలల పోటీలో బహుమతి పొందింది. 2021లో క్రిష్ దాన్ని సినిమా తీశారు.

కొండపొలమంటే ఏమిటో పల్లెల వాళ్లకు చెప్పనక్కర్లేదు. కర్నూలు టౌను నుంచి వచ్చినవాళ్ల కోసం చెబుతాను. వానల్లేక ఊళ్లో గడ్డీ నీళ్లూ కరువైనప్పుడు కాపరులు మందల్ని తోలుకుపోయి వారాల తరబడి నల్లమలలోనే ఉండిపోతారు. నవలలో రవీంద్ర ఇంజనీరింగు చదివి, హైదరాబాదులో ఉద్యోగం దొరక్క, బెరుకుతో ఇల్లు చేరతాడు. తండ్రితో పాటు గొర్రెల వెంట అడవికి పోతాడు. అక్కడ పులి, దప్పిక, కలప దొంగలు. బడిలో నేర్వనిదంతా అక్కడ నేరుస్తాడు. గొర్రెల పని చెప్పుకోవడానికి నామోషీ పడే పిల్లలున్న ఇళ్లలో ఈ పుస్తకం చదవాలి.

మరి ఇందులో ఆడవాళ్లెక్కడ అని మీరు అడుగుతారు. అడగాల్సిందే. సినిమాలో మీరు చూసిన ఓబులమ్మ నవలలో లేదు, సినిమా కోసం చేర్చారు. అడవికి పోయేది మగవాళ్లే. నేను పుస్తకం కొని మొదట మా అత్తకు చదివి వినిపించాను. రెండు రాత్రులు ఊకొట్టింది. మూడో రాత్రి, "మగోళ్లు కొండకు పోయినారు, సరే. ఇంటికాడ ముసిలోళ్లను, పిల్లోళ్లను ఎవురు సూసుకున్యారో అది యాడొస్తాదమ్మే?" అంది. నేను పుస్తకం మూసేశాను. ఒక కరువులో గడ్డి కోసం తన కమ్మలు అమ్మిన సంగతి ఆ రాత్రే మొదటిసారి చెప్పింది. ఇన్నేళ్లలో ఆమెను ఆ మాట నేనూ అడగలేదు.

ఈ పుస్తకం అడగడానికి కారణం అదే. స్త్రీవాద నవలే కావాలనేవాళ్లతో నాకు తగువు లేదు. ఓల్గా 'స్వేచ్ఛ' చదివి మనం ఎంత మాట్లాడుకోలేదు! కానీ మందలున్న ఊళ్లలో, తమ బతుకు కనబడీ తాము కనబడని పుస్తకం ముందు కూర్చుంటే ఆడవాళ్లకు ఎక్కువ మాటలొస్తాయని నా నమ్మకం.

ఇంకో సంగతి. 2006 అటవీ హక్కుల చట్టం మేపుకునే హక్కును, కాలాన్నిబట్టి మందలతో అడవికి వచ్చేవాళ్ల హక్కును గుర్తించింది. గిరిజనులు కానివాళ్లు మూడు తరాలుగా, అంటే 75 ఏళ్లుగా, అడవి మీద ఆధారపడ్డట్టు చూపాలి. పెళ్లయినవాళ్లకిచ్చే భూమి పట్టాలో భార్యాభర్తలిద్దరి పేర్లూ ఉండాలి. చట్టం చదువుదాం రమ్మంటే పదిమంది వస్తారు. కథ చెబుతాం రమ్మంటే వీధంతా వస్తుంది. పులి ఘట్టమయ్యాక, మీ ఇంట్లో గొర్రెలు ఎవరి పేరు మీదున్నాయి, అప్పు ఎవరి పేరు మీదుంది అని అడగండి.

చదవడం రానివాళ్లు ఎక్కువని భయం వద్దు. భాష మన యాసే. చదివే పిల్ల ఒక మాట తప్పు పలికితే వినే అవ్వ దిద్దుతుంది. ఊరికి రెండు ప్రతులు చాలు. వారానికి రెండు రాత్రులు కూర్చుందాం. మందలు కొండకు కదలకముందే మొదలుపెడితే మగవాళ్లూ వింటారు. మొదటి కూడిక మా ఇంటి అరుగు మీద. మా అత్త ఇప్పటికే చాప పరిచి పెట్టింది.