పాత ఇంజనుకు తగిన కార్బ్యురేటరు

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలో స్థిరపడిన మా సహాధ్యాయి ఒకరు ఆ మధ్య ఒక పాత కారు కొన్నారు. అది 1964వ సంవత్సరపు ఫోక్స్‌వాగన్ బీటిలు. కొన్న నెల తిరగకముందే ఆయన మాకొక ఉత్తరం వ్రాసి, దానితోపాటు ఇంజను చప్పుడును రికార్డు చేసి పంపారు. చెవిని నమ్ముకొని బ్రతికే ఉద్యోగం మాది గనుక వినగానే లోపం చెప్పగలమని ఆయన ఆశ. విన్నాము. నిలకడగా ఉన్నంతసేపు ఇంజను బాగానే పలుకుతున్నది. యాక్సిలరేటరు తొక్కగానే మాత్రం ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి, తడబడి, ఆ తరువాత అందుకొంటున్నది. కారు అమ్మినవారు దానికి నిగనిగలాడే పెద్ద కార్బ్యురేటరు ఒకటి బిగించి ఇచ్చారట. "ఇంతకన్నా పెద్దది వేస్తే ఈ తడబాటు పోతుందా?" అన్నది ఆయన ప్రశ్న. పెద్దది కాదు, చిన్నది వేయవలెనని మేము జవాబు వ్రాశాము. ఎందుకట్లా వ్రాయవలసివచ్చిందో శ్రోతలకు మనవి చేయడమే ఈ ప్రసంగం ఉద్దేశం.

ఫెర్డినాండ్ పోర్షె అనే ఇంజనీరు 1930 తరువాతి సంవత్సరాలలో జర్మనీలో రూపొందించిన కారు ఇది. ఫోక్స్‌వాగన్ అంటే ప్రజల బండి అని అర్థం. రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన తరువాత వుల్ఫ్స్‌బర్గు నగరంలో దీని ఉత్పత్తి విస్తరించింది. చిట్టచివరి బీటిలు 2003 జూలై 30వ తేదీన మెక్సికోలోని ప్వెబ్లా కర్మాగారం నుంచి వెలువడింది. మొత్తం 2 కోట్ల 15 లక్షలకు పైగా తయారైనవి. దీని ఇంజను వెనుక భాగంలో ఉంటుంది. నాలుగు సిలిండర్లు ప్రక్కకు రెండు చొప్పున ఎదురెదురుగా పడుకొని ఉంటవి. చల్లబరచడానికి నీరు లేదు. ఒక పంకా విసిరే గాలే దానికి ఆధారం. మా మిత్రుని కారులోని ఇంజను 1192 ఘన సెంటీమీటర్లది. తరువాతి కాలంలో 1285, 1493, 1584 ఘన సెంటీమీటర్ల ఇంజన్లు వచ్చినవి.

కార్బ్యురేటరు చేసే పని చెప్పడానికి తేలిక, చేయడానికి కష్టం. అది గాలిలో పెట్రోలును తగుపాళ్లలో కలిపి ఇంజనుకు అందించవలెను. ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండడానికి తూకంలో 14.7 పాళ్ల గాలి కావలెను. మరొక విధంగా చెప్పవలెనంటే, ఒక్క లీటరు పెట్రోలుకు సుమారు 9,000 లీటర్ల గాలి. ఈ గాలి కార్బ్యురేటరులోని ఒక సన్నని గొంతుక గుండా పోతుంది. తోటకు నీరు పట్టేవారు గొట్టం మూతిని వేలితో నొక్కితే ధార వేగం పెరగడం అందరూ చూసినదే. అట్లాగే గొంతుకలో గాలి వేగం పెరుగుతుంది. వేగం పెరిగినచోట ఒత్తిడి తగ్గుతుంది. తగ్గిన ఒత్తిడి పెట్రోలును పైకి లాగి తుంపరలుగా చిమ్ముతుంది. గాలికి వేగం లేకపోతే పెట్రోలు లేవదు, లేచినా తుంపర కాదు. కార్బ్యురేటరు ఎంపికలోని కీలకమంతా ఇక్కడే ఉన్నది.

బీటిలు కార్లకు ప్రధానంగా సోలెక్స్ అనే పేరుగల కార్బ్యురేటర్లు అమర్చేవారు. ఆ పేరుతోనే బ్రెజిలులో బ్రోసోల్, మెక్సికోలో బోకార్ సంస్థలు కూడ అనుమతి పొంది తయారుచేసినవి. వాటి మీద 28, 30, 34 అనే అంకెలు ఉంటవి. అడుగున తెరచుకొని మూసుకొనే థ్రాటిలు రంధ్రం వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లో ఆ అంకె చెబుతుంది. 1192 ఇంజనుకు 1960 నుంచి 28 పిక్ట్ వరుసది వేశారు. 1960 దశాబ్దం చివరి భాగంలో 1285, 1493 ఇంజన్లకు 30 పిక్ట్ వేశారు. ఒక్కొక్క సిలిండరుకు విడిగా గాలిదారి గల 1584 ఇంజను 1971 మోడలుతో వచ్చినప్పుడు దానికి 34 పిక్ట్-3 అమర్చారు. మా మిత్రుని 1192 ఇంజను మీద కూర్చున్నది సరిగా ఈ 34.

28కీ 34కీ భేదం ఆరు మిల్లీమీటర్లే గదా అనిపిస్తుంది. కాని వృత్త వైశాల్యం వ్యాసాన్ని అనుసరించి కాక, వ్యాసపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. లెక్క వేస్తే 34 రంధ్రం 28 రంధ్రానికి దాదాపు ఒకటిన్నర రెట్లు. ఇక గాలి సంగతి. నిమిషానికి 3,000 చుట్లు తిరిగేటప్పుడు 1584 ఇంజను లెక్కప్రకారం 2,376 లీటర్ల గాలి పీల్చుకొంటే, 1192 ఇంజను పీల్చుకొనేది 1,788 లీటర్లు మాత్రమే. తక్కువ గాలి, వెడల్పైన దారి. మెల్లగా పోయేటప్పుడు వేగం చాలక, థ్రాటిలు తెరిచిన క్షణంలో గాలి ముందు పోతుంది, పెట్రోలు వెనుకబడుతుంది. రికార్డులో మేము విన్న తడబాటు అదే.

ఇంతటితో చిక్కు తీరలేదు. ఇంజనులో నిప్పురవ్వ ఎప్పుడు పడవలెనో నిర్ణయించే డిస్ట్రిబ్యూటరు అనే భాగం ఒకటి ఉన్నది. 1964 నాటి బీటిలులో అది కార్బ్యురేటరు నుంచి సన్నని గొట్టం ద్వారా వచ్చే చూషణశక్తిని చూచి తన సమయాన్ని ముందుకు జరుపుకొంటుంది. 28 పిక్ట్‌లో ఆ సంకేతం గాలివేగంతోపాటు పెరిగేటట్లు ఏర్పాటు చేశారు. 34లో ఏర్పాటు వేరు. కనుక ఈ డిస్ట్రిబ్యూటరుకు ఆ కార్బ్యురేటరు భాష అర్థం కాదు. నిప్పురవ్వ ఆలస్యమై శక్తి తగ్గుతుంది, వేడి పెరుగుతుంది. పైగా ఆ నాటి కారులో విద్యుత్తు 6 వోల్టులది. 34 మీది చోకు 12 వోల్టులకు చేసినది. అడుగు కొలత కూడ పెద్దదే గనుక మధ్యలో ఒక అతుకు పెట్టనిదే అది పాత గొట్టం మీద కూర్చోదు. ఇన్ని చోట్ల సర్దుబాటు కావలసివచ్చిందంటే ఆ సంబంధం కుదరలేదని తెలుసుకొనవలెను.

కొంచెం తడబడితే మాత్రమేమి, బండి నడుస్తున్నది గదా అనవచ్చును. నీటితో చల్లబడే ఇంజను వేడెక్కితే ముల్లు చూపుతుంది, ఆవిరి లేస్తుంది. ఈ ఇంజనుకు ఆ హెచ్చరికలు లేవు. పెట్రోలు పాలు తక్కువైన మిశ్రమం ఎగ్జాస్టు వాల్వులను మితిమీరి వేడి చేస్తుంది. అందులోను మూడవ సిలిండరుకు ముప్పు ఎక్కువ. 1970 వరకు వచ్చిన బీటిళ్లలో దానికి పోయే గాలికి నూనె చల్లబరచే పరికరం అడ్డుగా ఉండేది. వేడికి వాల్వు సాగితే దానికీ దానిని నొక్కే మీటకీ నడుమ ఉండవలసిన సందు మూసుకొని పోతుంది. అప్పుడు ఇంజను చప్పుడు పెరగదు, తగ్గుతుంది. నిశ్శబ్దమే అక్కడ రోగలక్షణం.

కనుక పాత కార్బ్యురేటరు ఎన్నుకొనేవారు ముందు ఇంజను మీది అంకెను, తరువాత డిస్ట్రిబ్యూటరును, ఆ తరువాత వోల్టులను చూడవలెను. కార్బ్యురేటరు మెరుగు చివరి సంగతి. దొరికిన వస్తువును చేతిలోకి తీసుకొని థ్రాటిలు ఇరుసును అటూ ఇటూ కదిపి చూడవలెను. దశాబ్దాల అరుగుదల వల్ల అక్కడ సందు ఏర్పడితే దొంగగాలి చొరబడి మిశ్రమాన్ని పలుచన చేస్తుంది. అట్టిదానిని పారవేయనక్కరలేదు; రంధ్రాన్ని చెక్కి కంచు బుష్షులు వేయించవచ్చును. నేటి పెట్రోలులో ఎథనాలు కలుపుతున్నారు. అమెరికాలో అది సాధారణంగా 10 శాతం. ఎథనాలులో ఆక్సిజను ఉన్నది గనుక మిశ్రమం మరికొంత పలుచనవుతుంది. ఒక మెట్టు పెద్ద జెట్టు అవసరం కావచ్చును. పాత రబ్బరు పొరలను, గొట్టాలను ఎథనాలుకు తట్టుకొనేవాటితో మార్చవలెను.

మరొక సంగతి ప్రాణంతో ముడిపడినది. పెట్రోలు లోపలికి వచ్చే ఇత్తడి గొట్టాన్ని ఈ కార్బ్యురేటర్లలో నొక్కి బిగించారు. ఏళ్లు గడిస్తే అది వదులై ఊడి రావచ్చును. క్రింద వేడెక్కిన ఇంజను, ప్రక్కనే నిప్పురవ్వలు. ఈ ఇంజను పెట్టె మెగ్నీషియం మిశ్రలోహంతో చేసినది. అది అంటుకొంటే నీరు చల్లడం వల్ల మంట ఇంకా రేగుతుంది. కాబట్టి ఆ గొట్టాన్ని వేలితో పట్టి చూడక ఏ పాత కార్బ్యురేటరునూ బిగించరాదు.

రెండు ప్రక్కలా రెండు కార్బ్యురేటర్లు పెట్టే పద్ధతి కూడ ఉన్నది. పెద్ద ఇంజనుకు అది బలమే. అయితే రెండింటినీ ఒకే శ్రుతిలో నిలపడం ఓపికగల పని. రోజూ తిరిగే చిన్న ఇంజనుకు ఆ శ్రమ అక్కరలేదు.

మా మిత్రుడు పాత సామానులలో వెదకి 28 పిక్ట్-1 ఒకటి సంపాదించారు. ఇరుసు వదులుగా ఉంటే బుష్షులు వేయించారు. పెద్దదానిని విప్పిన రోజున మెకానిక్కు వాల్వులు కూడ పరీక్షించి, మూడవ సిలిండరు ఎగ్జాస్టు వాల్వు సందు పూర్తిగా మూసుకొనిపోయి ఉన్నదని చూపాడట. ఇంకొన్నాళ్లు అట్లాగే నడిపి ఉంటే వాల్వు కాలి ఇంజను చెడిపోయేదన్నాడట. సందు సరిచేసి, చిన్నదానిని బిగించిన తరువాత ఆయన మరల చప్పుడు రికార్డు చేసి పంపుతూ, "తడబాటు పోయింది గాని వాల్వులు మునుపటికన్నా ఎక్కువ టకటకలాడుతున్నవి, క్షమించండి" అని వ్రాశారు. ఆ టకటకను మేము రెండుసార్లు పెట్టుకొని విన్నాము.